కనుమ ఎక్కిన మొసలి ఇంజన్లు

హైదరాబాదు నుంచి బొంబాయికి రైలులో వెళ్లిన మిత్రులందరికీ పూణే తరువాత వచ్చే బోర్ ఘాట్ గుర్తుండే ఉంటుంది. లోనావాలా నుంచి కర్జత్‌కు దిగే ఈ కనుమ దారి 1863లో ప్రారంభమైంది. దీని నిర్మాణంలో జబ్బులతో, ప్రమాదాలతో వేలమంది కూలీలు అసువులు బాశారు. కాంట్రాక్టరు సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో మరణించగా, ఆయన భార్య ఆలిస్ వెనుదీయక పని పూర్తి చేయించారు.

ఇక్కడ ఎక్కుడు 37 అడుగులకు ఒక అడుగు. చూపుకు స్వల్పమే గాని, బరువైన గూడ్సు బండికి అదే కొండంత పరీక్ష. ఆవిరి ఇంజన్లు ఆపసోపాలు పడేవి. 1925 ఫిబ్రవరి 3న బొంబాయి, కుర్లాల మధ్య మన దేశపు తొలి విద్యుత్ రైలు నడిచింది. తరువాత కనుమల వంతు వచ్చింది.

అందుకోసం గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1928 నుంచి 41 ఇంజన్లు తెప్పించింది. మొదటి పది స్విట్జర్లాండులోని వింటర్‌థర్‌లోనూ, తక్కినవి ఇంగ్లండులోని వల్కన్ ఫౌండ్రీలోనూ తయారయ్యాయి. 1500 వోల్టుల డి.సి. విద్యుత్తుతో నడిచే ఈ ఇంజన్ల శక్తి 2600 హార్స్ పవర్. మలుపుల్లో సులువుగా తిరిగేందుకు ముందూ వెనుకా పొడవాటి ముక్కులు, నడుమ క్యాబిన్ అమర్చారు. ఆ ఆకారం వల్ల వీటికి మొసళ్లని పేరు వచ్చింది. మన రైల్వే కార్మికులు మాత్రం ‘ఖేక్‌డా’, అంటే ఎండ్రకాయ, అన్నారు. తరువాత డబ్ల్యు.సి.జి.-1 అన్న పేరు స్థిరపడింది.

వీటిలో ఒక విశేషం ఉంది. కనుమ దిగేటప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి బండి వేగాన్ని అదుపు చేసేవి. అలా పుట్టిన కరెంటు పైతీగలోకి తిరిగి వెళ్లి, అదే దారిలో ఎక్కుతున్న బండికి అక్కరకు వచ్చేది.

1970లలో చిత్తరంజన్‌లో తయారైన కొత్త ఇంజన్లు రాగా, ఈ పాతవి చివరి రోజుల్లో షంటింగ్ పని చేశాయి. దాదాపు ఆరు దశాబ్దాల సర్వీసు! 2016 ఏప్రిల్‌తో బొంబాయి ప్రాంతపు రైలు మార్గాల్లో 1500 వోల్టుల పద్ధతే ముగిసింది. ‘సర్ లెస్లీ విల్సన్’ పేరుగల ఇంజనును ఢిల్లీలోని రైలు మ్యూజియంలో భద్రపరిచారు. మనుమలతో వెళ్లినప్పుడు తప్పక చూపించండి.

దిగేవాడి బరువు ఎక్కేవాడికి బలమైతే ఆ దిగుడు వృథా కాదు. పెన్షనర్లమైన మనకు అంతకంటె వేరే పాఠం అక్కరలేదు.