ఉప్మా సరే, ఉప్పిండి ఏమైంది?



మన వరోరా బజారులో సాంబార్ అడిగితే కొత్తిమీర కట్ట చేతిలో పెడతారు. విదర్భ మరాఠీలో ఆ మాటకు అర్థం అదే. తెలంగాణ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్కసారైనా ఇక్కడ బోల్తా పడతారు. మేమూ పడ్డాం.

ఈ వ్యాసం మొదలైంది మాత్రం సంక్రాంతి భోజనాల దగ్గర. ఒక పెద్దమ్మ "ఉప్పిండి పెట్టనా?" అంటే పిల్లలు తెల్లమొహం వేశారు. గిన్నెలో చూసి "ఓ, ఉప్మానా!" అన్నారు. అందరం నవ్వాం గానీ, ఇంటికొచ్చాక ఆ నవ్వు మాకే చేదనిపించింది.

ఉప్మా తమిళ పేరు. ఉప్పు, మావు కలిస్తే ఉప్పుమా. మావు అంటే పిండి. తమిళులు ఉప్పుమా అన్నారు, కన్నడిగులు ఉప్పు, హిట్టు కలిపి ఉప్పిట్టు అన్నారు, మనవాళ్ళు ఉప్పుపిండి అని, అది నోట్లో నలిగి ఉప్పిండి అయింది. మూడిళ్ళలో ఒకే ఆలోచన. మరాఠీవాళ్ళు అనే ఉపీట్ కూడా కన్నడం నుంచి వచ్చిందే. ఊతప్పం కూడా తమిళమే, పోసిన అప్పం అని అర్థం. అవియల్ అంటే ఉడికించినది, పొరియల్ అంటే వేయించినది. ఇంగ్లీషువాళ్ళ మల్లిగటానీ సూపు తమిళ మిళగు తణ్ణి, అంటే మిరియాల నీళ్ళు. మన ఇళ్ళలో జలుబు చేస్తే పెట్టే మిరియాల చారుకు అది దగ్గరి చుట్టం.

అలాగని అన్నీ తమిళం ఖాతాలో వేయలేం. ఇడ్లీ పేరు 'ఇడ్డలిగె'గా కనిపించేది సుమారు 920 నాటి కన్నడ గ్రంథం వడ్డారాధనెలో. అన్నీ మనవే అనే మిత్రులకూ ఇదే మనవి.

సాంబారు సంగతి వేరు. తంజావూరు మరాఠా కోటలో శంభాజీ పేరు మీద పుట్టిందని ఇక్కడి మరాఠీ మిత్రులు గర్వంగా చెబుతారు. అది కథే. సంస్కృతంలో సంభారం అంటే సమకూర్చుకున్న సామగ్రి. తెలుగులో సంబారాలంటే మసాలా దినుసులు. అయితే ఆ కథలోని ఊరు మాత్రం మనకూ కావలసినదే. మరాఠాలకు ముందు తంజావూరును ఏలింది తెలుగు నాయక రాజులు. తర్వాత వచ్చిన మరాఠా రాజు శాహాజీ కూడా తెలుగులో యక్షగానాలు రాశాడు. తమిళ నేల మీద తెలుగు, మరాఠీ ఒకే కొలువులో బతికాయి. మరి ఆ వంటింట్లో ఏ మాట ఎవరిదని గీత గీస్తాం?

ఇక్కడ మనల్ని ఇంకా "మద్రాసీ" అంటూనే ఉన్నారు. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యాక ఢిల్లీ–మద్రాసు రైళ్ళు మన స్టేషన్ మీదుగానే నడిచాయి. రైలు వెళ్ళే ఊరి పేరే మనకూ అంటుకుందేమో. బయటివాళ్ళు అన్నందుకు మాకు పెద్ద బాధ లేదు. మన పిల్లలకే చారు రసమై, దిబ్బరొట్టె పేరే తెలియకపోతే మాత్రం బాధే.

వచ్చే భోజనాలకు వంటల పట్టీ తెలుగులో రాద్దామని కార్యవర్గంలో అనుకున్నాం. ఉప్మా పక్కనే ఉప్పిండి అనీ ఉంటుంది. మీ ఇంట్లో అమ్మమ్మలు, నానమ్మలు వాడిన వంటల పేర్లు ఏవైనా ఉంటే, ఏ ఊరి మాటో కూడా కలిపి కింద రాయండి.