పొగలో మిగిలిన గాలి

కళింగపట్నం చరిత్ర అనగానే అందరూ చెప్పేవి రేవు, 1876లో కట్టిన లైట్‌హౌసు, మదీనా సాహెబ్ దర్గా, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు. రేవుకు ఓడలు రావడం మానేశాక ఈ ఊరు శ్రీకాకుళం రోడ్డును నమ్ముకుని బతికింది. ఆ రోడ్డు మీద తిరిగిన బళ్లను బాగుచేసినవాళ్ల గురించి మాత్రం ఎవరూ రాయగా నేను చూడలేదు. నేను ఆ పనిలోనే పెరిగినవాణ్ని. మొదట మెకానిక్‌ని, తర్వాత ఆటో ఎలక్ట్రీషియన్‌ని. అందుకే ట్యూనింగ్ పని చెవి దగ్గర మొదలై నాలుగు వైర్ల దాకా ఎలా వచ్చిందో నేను చూసినంత మేరకు రాస్తున్నాను.

పెట్రోలు ఇంజను ట్యూనింగులో అడగవలసిన ప్రశ్న ఏ కాలంలోనైనా ఒకటే: ఈ పెట్రోలుకు గాలి సరిపోయిందా? కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెబితే 12 వేల లీటర్ల పైమాటే. గాలి తక్కువైతే మసి, నల్లపొగ, జేబుకు చిల్లు. గాలి ఎక్కువైతే ఇంజను వేడెక్కుతుంది, మిస్సింగ్ కొడుతుంది, పికప్ చస్తుంది. ఎప్పుడైనా మెకానిక్ పని సైలెన్సర్‌లోంచి వచ్చే పొగలో ఎంత గాలి మండకుండా మిగిలిందో పసిగట్టడమే.

నేను పని నేర్చుకున్న షెడ్డు శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కు దగ్గర్లో ఉండేది. 1980ల మొదట్లో అక్కడికి వచ్చేవి ఎక్కువగా అంబాసిడర్లు, కొన్ని ఫియట్లు. అంబాసిడర్‌కు ఎస్.యు. కార్బరేటర్. దాని మిక్చర్ చూడటానికి మా గురువుగారు ఏ మీటరూ వాడేవారు కాదు. ఎయిర్ క్లీనర్ విప్పి, ఇంజను ఐడ్లింగులో ఉండగా లోపలి పిస్టన్‌ను చిన్న పిన్నుతో గోరు మందం పైకెత్తేవారు. స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ వెళ్తున్నట్టు. ఇంజను ఆగిపోబోతే తక్కువ వెళ్తున్నట్టు. ఒక్క క్షణం పెరిగి మళ్లీ నిలకడకు వస్తే మిక్చర్ సరిగ్గా ఉన్నట్టు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని తొందరపడితే, "ఇంజను ఏటంటందో ముందు ఇనరా. స్క్రూ తర్వాత తిప్పుదువు గాని" అనేవారు.

చెవి తర్వాత కన్ను. బండిని కొంత దూరం తోలి తెచ్చి ప్లగ్గులు విప్పి వరసగా పెట్టేవాళ్లం. మొన లేత కాఫీ రంగులో ఉంటే బాగున్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ. నాలుగు ప్లగ్గుల్లో ఒకటి మాత్రమే నల్లగా ఉంటే తప్పు కార్బరేటర్‌ది కాదు, ఆ సిలిండర్‌దే. ఆ తర్వాత ముక్కు. పెట్రోలు మండక వచ్చే వాసనకు, ఆయిల్ కాలి వచ్చే వాసనకు తేడా గుర్తుపట్టడం నాకు చాలా కాలానికి గానీ అలవాటు కాలేదు.

ఈ తీరంలో ట్యూనింగ్ హైదరాబాదులో చేసినట్టు ఉండదు. వేసవి చివర, వాన ముందు, ఇక్కడి గాలిలో చెమ్మ అంతా ఇంతా కాదు. నీటి ఆవిరి చేరినంత మేరకు గాలిలో ఆక్సిజన్ చోటు తగ్గుతుంది. బాగా ఉక్కగా ఉన్న రోజున వందకు మూడు పాళ్ల దాకా తగ్గవచ్చు. డిసెంబరులో పెట్టిన మిక్చర్ జూన్‌లో కాస్త బరువుగా అనిపించేది అందుకే. సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లే ట్యాక్సీలకు ఇంకో లెక్క ఉండేది. సముద్రమట్టం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి గాలి పదో వంతు దాకా పలచబడుతుంది. ఇక్కడ సరిగ్గా పెట్టిన బండి అక్కడ నల్లపొగ వదిలేది. అందుకని గురువుగారు బండి ఎటు వెళ్తుందో అడక్కుండా స్క్రూ ముట్టేవారు కాదు. చదువుకోని మనిషి. గాలి బరువు గురించి ఆయనకున్న జ్ఞానం మాత్రం నేను తర్వాత పుస్తకాల్లో చదివిన దానికి ఎక్కడా తక్కువ కాదు. ఈ మాట అచ్చులో ఉండాలని నా కోరిక.

మేము పిన్నుతో పిస్టన్ ఎత్తుతున్న రోజులకే అమెరికాలో పొగను వైరుతో కొలవడం మొదలైపోయింది. 1976లో జర్మనీకి చెందిన బాష్ కంపెనీ ఆక్సిజన్ సెన్సర్‌ను కార్లకు తెచ్చింది. మొదట పెట్టింది అమెరికాలో అమ్మిన వోల్వో కార్లకు. కాలిఫోర్నియాలో పొగ నిబంధనలు కఠినంగా ఉండటమే దానికి కారణం. జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థాన్ని చిన్న టోపీ ఆకారంలో చేసి, లోపలా బయటా ప్లాటినం పూత వేస్తారు. బయటివైపు పొగ తగులుతుంది, లోపలివైపు మామూలు గాలి ఉంటుంది. 300 డిగ్రీలు దాటి వేడెక్కితే రెండు వైపులా ఉన్న ఆక్సిజన్ తేడాను బట్టి అది కరెంటు పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ లేకపోతే 0.9 వోల్టు దాకా, మిగిలి ఉంటే 0.1 వోల్టు దగ్గర. నడుమ 0.45 దగ్గర గీత. కంప్యూటర్ ఆ గీతకు అటూ ఇటూ పెట్రోలును క్షణక్షణం తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది.

మన దగ్గరికి అది రావడానికి అడ్డం పడింది సీసం. పెట్రోలులో కలిపే సీసం సెన్సర్ పూతనూ, సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌నూ చంపేస్తుంది. 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసి, సీసం లేని పెట్రోలు అక్కడి బంకుల్లో పెట్టారు. దేశమంతటా సీసం పోయింది 2000 ఫిబ్రవరిలో. అదే ఏడాది ఏప్రిల్ నుంచి కొత్త పొగ నిబంధనలు అన్ని ఊళ్లకూ వచ్చాయి. శాంట్రో 1998లోనే ఎంపీఎఫ్ఐతో, అంటే కార్బరేటర్ బదులు కంప్యూటర్ నడిపే ఇంజెక్టర్లతో వచ్చింది. 2000లో మారుతీ 800కూ ఎంపీఎఫ్ఐ పెట్టారు. శ్రీకాకుళం జిల్లాలో మాలాంటివాళ్ల చేతికి అవి రావడానికి ఇంకో రెండు మూడేళ్లు పట్టింది.

ఆ కొత్త బళ్ల బానెట్ ఎత్తితే తిప్పడానికి మిక్చర్ స్క్రూ లేదు. చాలామంది పెద్ద మెకానిక్‌లు అక్కడితో డీజిల్ బళ్లకు మళ్లిపోయారు. నేను మల్టీమీటర్ కొని ఎలక్ట్రికల్ వైపు వచ్చాను.

సెన్సర్ వైరింగ్ చూడటానికి చిన్న పని. పాత రకానికి ఒక్కటే వైరు, ఎర్త్ సైలెన్సర్ పైపు ద్వారానే. అది ఇంజను వేడితోనే వేడెక్కాలి, కాబట్టి స్టార్ట్ చేసిన కొద్దిసేపటి దాకా మాట్లాడదు. 1980ల నుంచి లోపల హీటర్ పెట్టడం మొదలైంది, వైర్లు మూడయ్యాయి. సిగ్నల్‌కు విడిగా ఎర్త్ ఇచ్చాక నాలుగయ్యాయి. బాష్ రకంలో రెండు తెల్ల వైర్లు హీటర్‌వి, నల్లది సిగ్నల్, బూడిద రంగుది సిగ్నల్ ఎర్త్. డెన్సో రకంలో రెండు నల్ల వైర్లు హీటర్‌వి, నీలం సిగ్నల్, తెలుపు ఎర్త్. ఒకదానిలో సిగ్నల్ అయిన నలుపు ఇంకోదానిలో హీటర్. రంగు చూసి రంగుకు కలిపేస్తే ఒక్క వోల్టు కూడా లేని సిగ్నల్ దారిలోకి బ్యాటరీ 12 వోల్టులు వెళ్లిపోతాయి. అందుకే నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు మొదట నేర్పేది మీటరుతో హీటర్ వైర్లు వెతకడం. చల్లటి సెన్సర్‌లో కొద్ది ఓములు చూపించే జత హీటర్. మిగిలిన రెండు తర్వాత తేలతాయి.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. జిర్కోనియా టోపీ లోపలికి మామూలు గాలి వెళ్లాలి కదా. నీళ్లు పోకుండా మూసేసిన సెన్సర్లలో ఆ గాలి వైరు తొడుగు లోపల, రాగి పోగుల సందుల్లోంచే వెళ్తుంది. ఆ వైరును టంకం వేసి అతికితే కరిగిన సీసం, ఫ్లక్స్ పోగుల మధ్య పాకి గాలి దారి మూసేస్తాయి. అందుకే సెన్సర్ వైపు వైరుకు టంకం పనికిరాదు, నొక్కి బిగించే క్రింపు జాయింటే వాడాలి. మా పాత పనిలో గట్టి జాయింట్ అంటే టంకమే. ఈ ఒక్క వైరు దగ్గర ఆ అలవాటు మానుకోవాల్సి వచ్చింది.

ఇక ఉప్పు. ఈ రాత రాయడానికి నన్ను కూర్చోబెట్టింది అసలు అదే. సముద్రం ఒడ్డున ఆగే బండి సెన్సర్ వైరు కలిసే కప్లరు విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. ఉప్పు చెమ్మ సిగ్నల్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ నడుమ పలచటి పొరలా పట్టి, సెన్సర్ పుట్టించే ఆ కాస్త వోల్టేజీని కిందికి లాగేస్తుంది. వోల్టేజీ తగ్గితే కంప్యూటర్‌కు అర్థమయ్యేది పొగలో గాలి ఎక్కువుందనే. వెంటనే పెట్రోలు పెంచుతుంది. ఉప్పుకు సైలెన్సర్ మొదట్లో తుప్పు పట్టి చిల్లు పడితే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. మళ్లీ అదే అర్థం, అదే పని. వైరు సందులు చిలుముతో, నూనెతో మూసుకుపోయి లోపలి గాలి చెడినా వోల్టేజీ తగ్గుతుంది, పెట్రోలు పెరుగుతుంది. మూడు రోగాలూ ఒకే వైపుకు తోస్తాయి. తీరంలో సెన్సర్ చెడితే చాలాసార్లు "గాలి ఎక్కువైంది" అనే అబద్ధమే చెబుతుంది. బండివాడు మైలేజీ పడిపోయిందని వస్తాడు. కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే కొన్నిసార్లు సెన్సర్‌దే తప్పని రాదు, గాలి ఎక్కువుందని మాత్రమే వస్తుంది. ఆ మాట నమ్మి ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ప్లగ్గు విప్పితే నల్లగా ఉంటుంది. స్కానర్ పెట్రోలు తక్కువంటూ, ప్లగ్గు మాత్రం మసి పట్టి ఉందంటే ఇద్దరిలో ఒకరు తప్పు చెబుతున్నారు. ఈ తీరంలో నేను ప్లగ్గునే నమ్ముతాను. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను మా ఊరికి కాస్త ఉత్తరాన తీరం దాటింది. ఆ తర్వాత నెలల్లో వచ్చిన బళ్లలో ఈ తేడా మళ్లీ మళ్లీ కనిపించింది. గురువుగారు చూపిన ప్లగ్గు రంగు కంప్యూటర్ బండి రోగం కనిపెట్టడానికే ఎక్కువ పనికొచ్చింది.

చెమ్మ లోపలికి చేరకుండా కప్లరు చుట్టూ సిలికాన్ పేస్టు పూయడం మా వైపు అలవాటు. మామూలు సిలికాన్ ఆరేటప్పుడు వదిలే ఆవిరి ఇంజను గాలిలోకి గానీ, సెన్సర్ లోపలి గాలిలోకి గానీ చేరితే పూత పాడవుతుంది. కప్లరుకు దాని రబ్బరు సీలే రక్ష. అది చిరిగితే కొత్తది వేయాలి గానీ పేస్టు పూయకూడదు.

మధ్యలో గ్యాస్ కిట్ల కాలం ఒకటి నడిచింది. 2000 తర్వాత ఎల్పీజీని బండి ఇంధనంగా అనుమతించాక విశాఖలో కిట్లు బిగించడం జోరందుకుంది. మంచి కిట్ సెన్సర్ సిగ్నల్‌ను తానూ చదువుకుని గ్యాసును సరిచేస్తుంది. అందుకోసం సిగ్నల్ వైరుకు ఇంకో వైరు కలిపేవారు. కొన్ని కిట్లలో పెట్రోలు కంప్యూటర్‌కు నకిలీ సిగ్నల్ పంపే ఏర్పాటు కూడా ఉండేది, గ్యాస్ మీద నడిచేటప్పుడు అది గందరగోళపడకుండా. కిట్ తీసేసి వైరు ముక్కలను టేపు చుట్టి వదిలేసిన బళ్లు ఇప్పటికీ నా దగ్గరికి వస్తాయి. ఆ తెగిన చోట్లే ఉప్పు మొదట చేరుతుంది. అది బాగుచేసే పని అంటే వైరును చివరి నుంచి చివరి దాకా కొత్తగా లాగడమే, అతుకు మీద అతుకు కాదు.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక సెన్సర్ మోటారు సైకిళ్లలోకి విరివిగా వచ్చింది. మా ఊళ్లో అది పెద్ద మార్పు. తెల్లవారుజామున ఒడ్డున చేపలు కొని, ఐసు పెట్టెలు వెనక కట్టుకుని శ్రీకాకుళం బజారుకు వెళ్లేవాళ్లవి మోటారు సైకిళ్లే. పెట్టెలోంచి ఉప్పునీళ్లు దారి పొడవునా కారుతుంటాయి. సెన్సర్ ఉండేది ఇంజను దగ్గర పైపులో, దాని వైరు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. దానికి తోడు ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్. ఇథనాల్ మండటానికి గాలి తక్కువ చాలు. కిలోకు 14.7 కావలసిన చోట ఈ పెట్రోలుకు సుమారు 13.5 కిలోల గాలే పడుతుంది. అందువల్ల కంప్యూటర్ పెట్రోలు పాలు కొద్దిగా పెంచుకోవడం న్యాయమే. స్కానర్‌లో ఆ పెంపు నూటికి నాలుగైదు కనిపిస్తే ఇథనాల్ ఖాతాలో వేస్తాను. పది దాటితే ఇథనాల్ ఒక్కదాని పని కాదు. కప్లరు విప్పి, పిన్నులు బ్రష్షుతో తుడిచి, రబ్బరు సీలు చూసి, ప్లగ్గు రంగు చూశాకే ఇంకో పార్టు ముట్టుకుంటాను.

చేపల బండి వస్తే కప్లరును నీళ్లు తగలని చోటికి, ట్యాంకు కింద ఫ్రేము లోపలికి మారుస్తాను. వైరును కప్లరు కన్నా కిందికి ఒక వంపు తిప్పి కడతాను, జారిన నీరు కప్లరులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోయేటట్టు. ఒక్క టై, ఒక్క సీలు, అరగంట పని.