కారే జీపు, తేలే కారు

పాత లాండ్ రోవర్ల పనిముట్ల సంచిలో రెంచీల మధ్య బొటనవేలంత మరబిరడా ఒకటి ఉండేది. అదెందుకో తెలియక పారేసిన యజమానులు బోలెడుమంది ఉండే ఉంటారు. క్లచ్ కూర్చునే గూడు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. ఇంజన్ సీలు నుంచి కారే ఆయిలు క్లచ్ ప్లేటుకు అంటకుండా అందులోంచి కిందికి బొట్లుబొట్లుగా పోవాలి. బండిని లోతు నీళ్లలో దించే ముందు మాత్రం ఆ రంధ్రాన్ని మూసెయ్యాలి. లేకపోతే ఏటి నీళ్లు క్లచ్‌లోకి చేరతాయి. ఒడ్డెక్కాక మళ్లీ విప్పాలి. మరిచిపోతే ఆయిలు లోపలే చేరి క్లచ్ జారడం మొదలవుతుంది.

అంటే ఏరు దాటదలచిన మనిషి ముందు బండి ఆపాలి. కిందికి దూరి, బురదలో వెల్లకిలా పడుకుని బిరడా బిగించాలి. బిగిస్తున్నంతసేపూ నీళ్ల హోరు చెవిన పడుతూనే ఉంటుంది. వెనక్కి పోదామా అన్న ఆలోచన రావడానికి ఆ ఐదు నిమిషాలు చాలు.

నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండ్లు జీపుకు ముందూ ఉన్నాయి. కానీ అలాంటి బండి ఏ నీటినైనా దాటేస్తుందన్న పేరు మాత్రం జీపుతోనే వచ్చింది. 1940 జులైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టింది. బండి తేలిగ్గా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి, నమూనా 49 రోజుల్లో తయారవ్వాలి. పెన్సిల్వేనియాలో అప్పటికే చితికిపోయిన బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపించుకుని, సరిగ్గా గడువు రోజున, సెప్టెంబరు 23న, హోలాబర్డ్ సైనిక శిబిరంలో బండిని అప్పజెప్పింది. పేరు దక్కింది గానీ పెద్ద ఆర్డరు దక్కలేదు. సైన్యం ఆ నమూనా వివరాలను విల్లీస్, ఫోర్డ్ కంపెనీల ముందు పెట్టింది. యుద్ధం ముగిసేలోగా ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. వండినవాడొకడు, వడ్డించుకున్నవారు ఇద్దరు.

ఆ జీపు బరువు టన్నుకు కాస్త ఎక్కువ. ఇంజన్ 60 హార్స్ పవర్. తలుపులు లేవు. తలుపు ఉండాల్సిన చోట రేకును లోతుగా కోసి వదిలేశారు. నేలలో నీళ్లు పోవడానికి రంధ్రాలు, వాటికి మూతలు. క్లచ్, బ్రేకు పెడళ్లు దూరే సందులు సరేసరి. నీళ్లలో దిగితే ముందు డ్రైవరు బూట్లు తడుస్తాయి, తర్వాత మోకాళ్లు. చూడటానికి లోపంలాగే ఉంటుంది. నిజానికి ఆ జీపు నేలను వదలకుండా నిలిచింది ఆ లోపం వల్లే. బయట ఎంత నీరుందో లోపలా దాదాపు అంతే ఉన్నప్పుడు బండి పడవ కాలేదు. టైర్లు అడుగునే కరుచుకుని ఉంటాయి.

దాని అసలు భయం వేరు: ఇంజన్ ఆగిపోవడం. పెట్రోలు ఇంజన్ బతుకంతా నిప్పురవ్వ మీద ఆధారపడింది. ఆ రవ్వను నాలుగు ప్లగ్గులకూ పంచిపెట్టే డిస్ట్రిబ్యూటర్‌ను మన మెకానిక్కులు ఒక పాత కంపెనీ పేరుతో ‘డెల్కో’ అంటారు. దాని మీద దోసెడు నీళ్లు పడితే బండి ఏటి నడుమ మొరాయిస్తుంది. నీళ్లు పోసేది ఏరే కానక్కర్లేదు, సొంత ఫ్యానే చాలు. రేడియేటర్ వెనక తిరిగే రెక్కలు నీటిని ఎత్తి ఇంజన్ మీద చిమ్ముతాయి. లోతు ఎక్కువైతే రెక్కలే ముందుకు వంగి రేడియేటర్‌ను కోసేస్తాయి. అందుకే ఆ కాలపు బండ్లను లోతు నీళ్లలో దించాలంటే ఫ్యాన్ బెల్టు విప్పెయ్యమనేవారు.

1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన బండ్లకు ఈ జాగ్రత్తలన్నీ పదింతలు చేశారు. తీగలకు, డెల్కోలకు ఆస్బెస్టాస్ పీచు కలిపిన గ్రీజును ముద్దలుగా మెత్తారు. గాలి పీల్చే గొట్టాన్ని, పొగ గొట్టాన్ని నీటికి పైన ఉండేలా నిటారుగా లేపారు. గట్టెక్కాక మళ్లీ ఆ ముద్దలన్నీ గీకాలి. గీకకుండా నడిపితే ఇంజన్ వేడెక్కి చస్తుంది. ఇవాళ ఖరీదైన బండ్ల అద్దం పక్కన ఏనుగు తొండంలా నిలబడే స్నార్కెల్ వంశవృక్షంలో ఆ గొట్టానిది పెద్ద స్థానం. పేరు మాత్రం జర్మన్ జలాంతర్గాములది.

జీపునే పడవగా మారిస్తే పోలా అన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చింది. ఫోర్డ్ కంపెనీ జీపు చుట్టూ రేకు తొట్టి అమర్చి, వెనక పంకా పెట్టి, 1942, 1943లలో 12,778 నీటి జీపులు చేసింది. నదుల్లో పరవాలేదనిపించాయి. సముద్రంలో మాత్రం బరువెక్కువై, అంచులు నీటి మట్టానికి దగ్గరై, అలలకు మునిగాయి. సైన్యం వాటిని పక్కన పెట్టేసింది. అలాంటిదాన్నే యుద్ధం ముగిశాక, 1946లో, బెంగాల్‌లోని కలైకుండ విమానాశ్రయంలో బెన్ కార్లిన్ చూశాడు. భారత సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన ఆస్ట్రేలియా మనిషి. దీంతో ప్రపంచం చుట్టి రావచ్చు కదా అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు. 1950లో కెనడాలోని హాలిఫాక్స్ నుంచి భార్యతో కలిసి అట్లాంటిక్‌లోకి దిగాడు. ఆగుతూ, బాగుచేసుకుంటూ, మధ్యలో భార్య తప్పుకున్నాక వేరే తోడు వెతుక్కుంటూ, 1958లో మాంట్రియల్‌లో యాత్ర ముగించాడు. ఆ బండికి అతను పెట్టుకున్న పేరు ‘హాఫ్ సేఫ్’. సగం భద్రం అని! నీళ్లలో దిగే బండ్లన్నింటికీ పెట్టదగ్గ పేరు.

యుద్ధం అయ్యాక జీపు మన ఊళ్లకు రెండు దారుల్లో వచ్చింది. సైన్యం వదిలించుకున్నవి కొందరు కంట్రాక్టర్లు, జమీందార్లు కొనుక్కున్నారు. రెండో దారి మహీంద్రాది. విల్లీస్ నుంచి విడిభాగాలు తెప్పించి 1949లో బొంబాయి మజ్‌గావ్‌లో బిగించడం మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసు ముందు జీపు తప్పనిసరి అలంకారమైంది. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక అదే ‘సమితి జీపు’ అయింది. చాలా పల్లెలు ప్రభుత్వాన్ని మొదట చూసింది ఆ జీపు ముందు సీట్లోనే. వానాకాలం వాగు పొంగితే ప్రభుత్వం అవతలి ఒడ్డునే ఆగిపోయేది, అది వేరే సంగతి.

చప్టా దగ్గర ఆగిన జీపు చుట్టూ జరిగే తతంగం చూడముచ్చటగా ఉండేది. డ్రైవరు బీడీ వెలిగించుకుని నీటి రంగు చూస్తాడు. ఎర్రగా, చెత్తాచెదారం కొట్టుకొస్తుంటే ఇంకా పెరుగుతోందని లెక్క. నీళ్ల అంచున రాయి ఒకటి గుర్తు పెట్టుకుంటాడు. రాయి మునిగితే ఇంకాసేపు కూర్చోవడమే. తగ్గుముఖం పట్టాక క్లీనరు పంచె ఎగ్గట్టి, కర్రతో చప్టా అంచు తడుముకుంటూ అవతలి దాకా నడిచి వస్తాడు. ఎక్కడ కోసుకుపోయిందో, ఎక్కడ రాయి దొర్లి పడిందో అతని కాళ్లకే తెలియాలి. అతను నిలబడలేనంత ఉరవడి ఉంటే జీపు దిగదు. తర్వాత రేడియేటర్ ముందు గోనెసంచి కడతారు. డెల్కో మీద సైకిల్ ట్యూబు ముక్క చుడతారు. ఫస్టు గేరు వేసి, ఇక మధ్యలో క్లచ్ తొక్కకుండా, ఆగకుండా, తొందరపడకుండా పోవాలి. నడక వేగంతో పోతే బండి ముందు చిన్న అల లేచి, దాని వెనక బానెట్ కింద నీటి మట్టం కాస్త పల్లమవుతుంది. ఇంజన్ ఆ పల్లంలో ఊపిరి పీల్చుకుంటుంది. వేగం పెంచితే అల బానెట్ ఎక్కుతుంది, ఆగితే వెనక్కొచ్చి మీద పడుతుంది. అవతలి గట్టెక్కాక బ్రేకులుండవు. తడిసిన డ్రమ్ములు ఆరేదాకా బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి కొంతదూరం నడపాలి. మర్నాడు ఇరుసు ఆయిలు తీసి చూస్తే ఒక్కోసారి చిలికిన మజ్జిగలా ఉంటుంది. వేడెక్కిన ఇరుసు చల్లని నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల సందుల్లోంచి నీటిని పీల్చుకుందన్నమాట.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. మనం జీపులని పిలిచినవాటిలో చాలావాటికి ముందు చక్రాల్లో బలమే లేదు. పాడేరు, చింతూరు వైపు మనుషుల్ని కిక్కిరిసి ఎక్కించుకుని, టాపు మీదా వెనక మెట్టు మీదా వేలాడదీసుకుని తిరిగిన కమాండర్ జీపులు ఎక్కువగా వెనక చక్రాలతో నడిచినవే. అవి వాగులు దాటాయంటే అందులో యంత్రం గొప్ప కొంత, ఆ దారి రోజూ తొక్కిన డ్రైవరు ఎరుక మరింత.

గోదావరి జిల్లాల డ్రైవర్లకు రెండు రకాల నీళ్లు తెలుసు. పెద్ద నది పొంగి భద్రాచలం దగ్గర 53 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటితే, కూనవరం దగ్గర కలిసే శబరి ముందుకు పోలేక వెనక్కి తన్నుతుంది. రోడ్ల మీదికి చేరేది ఆ ఎగదన్నిన నీరు. చాలాచోట్ల చెరువులా నిలకడగా ఉంటుంది, ఉరవడి తక్కువ, లోతు మాత్రం అంతుపట్టదు. 1986 ఆగస్టులో భద్రాచలం మట్టం 75.6 అడుగులకు చేరినప్పుడు గానీ, 2022 జులైలో 71.3 అడుగులకు చేరినప్పుడు గానీ ఏ జీపూ చేయగలిగింది లేదు. అది పడవల పని. రెండోది వాగు నీరు. లోతు మోకాలి దాకే ఉన్నా పరుగు ఎక్కువ. నీటి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. కారే జీపును కూడా చప్టా మీంచి పక్కకు నెట్టెయ్యగలదు.

డీజిల్ ఇంజన్లు రావడంతో కథ మలుపు తిరిగింది. డీజిల్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు, డెల్కో లేదు, తడిసినా ఆగదు. డ్రైవర్లకు ధైర్యం పెరిగింది. దాంతోపాటే కొత్త ప్రమాదం వచ్చింది. పెట్రోలు బండి నీళ్లు తగలగానే ఆగిపోయి, తిట్లు తిని, ఇంజన్‌ను కాపాడుకునేది. డీజిల్ బండి గాలి గొట్టంలోంచి నీళ్లు మింగేదాకా పోతూనే ఉంటుంది. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీటిని నొక్కలేదు. ఒక్క గుటక చాలు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. స్నార్కెల్ ఉన్నది ఈ ఒక్క ముప్పును తప్పించడానికే. దాన్ని చూసి బండి మొత్తానికీ ఈత వచ్చిందనుకోవడం పొరపాటు.

ఎందుకంటే ఈలోగా బండి ఒళ్లు మారిపోయింది. ఏసీ చల్లదనం పోకుండా, దుమ్ము రాకుండా తలుపుల చుట్టూ రబ్బరు, నేల సందులన్నీ బిగింపు. నాలుగు మీటర్ల పొడవు, ఒకటిముప్పావు మీటరు వెడల్పు ఉన్న కారు తీసుకోండి. చక్రాల గూళ్లు పోగా ఆరు చదరపు మీటర్ల అడుగు మిగులుతుందనుకుంటే, బండి నేల మట్టానికి పైన నీరు పది సెంటీమీటర్లు లేచేసరికి బండి 600 లీటర్ల నీటి చోటు ఆక్రమించినట్టు. అంటే 600 కిలోల బరువును నీరే మోస్తుంది. 1,700 కిలోల బండి తేలడానికి దాని నేల మట్టానికి పైన 28 సెంటీమీటర్ల నీరు సరిపోతుంది. తేలకముందే టైర్ల మీది బరువు తగ్గి పట్టు సడలుతుంది. గాలిలో చక్రం నాలుగైనా ఒకటే, రెండైనా ఒకటే. అమెరికా వాతావరణ శాఖ రెండడుగుల పారే నీరు ఎస్‌యూవీలను, పికప్‌లను కూడా కొట్టుకుపోయేలా చేస్తుందని ఏళ్లుగా హెచ్చరిస్తున్నది దీన్నే. కంపెనీ పుస్తకాల్లో 650 మిల్లీమీటర్లు, 700 మిల్లీమీటర్లు అని రాసేది నిదానంగా పోయే బండికి, నిలకడ నీటికి. వాగు ఆ పుస్తకం చదవలేదు. ఏటి నడుమ బండి తేలుతోందనిపిస్తే తలుపు తెరిచి నీళ్లు లోపలికి రానివ్వడం అడవి దారుల్లో తిరిగేవాళ్ల పాత కిటుకు. తొలి జీపులో ఆ పని ఎవరూ చేయాల్సిన అవసరం ఉండేది కాదు.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయినప్పుడు వాళ్లను తెచ్చింది జేసీబీ. హరియాణా నుంచి పని కోసం వచ్చిన ఆపరేటరు దాన్ని వంతెన మీదికి నడిపాడు. ఏడు టన్నుల పైచిలుకు ఉక్కు, పెద్ద చక్రాలు, కింద నీళ్లు దూరిపోయే ఖాళీ. తేలడానికి దాంట్లో మూసిన తొట్టి లేదు. ఆ వారమే బుడమేరు నీళ్లలో మునిగిన విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో ట్రాక్టర్లు, జేసీబీలే తిరిగాయి. ముఖ్యమంత్రి సైతం జేసీబీ ఎక్కారు. మేడల కింద ఆగిన కార్లు మాత్రం ఒకదాని మీదికొకటి ఒరిగి ఉన్నాయి.

2020లో వచ్చిన మహీంద్రా థార్ గుడ్డ టాపు రకాల్లో కొన్నింటి నేలలో మళ్లీ నీళ్లు పోయే బిరడాలు పెట్టారు. ఆదివారం బురదలో తిరిగొచ్చాక, ఇంటి ముందు పైపు పెట్టి కడిగినప్పుడు విప్పుకోవడానికి.