ఉంగరంలో దూరే శాలువా

మా కోడలికి ఏడో నెల అని తెలిసిన వారమే నాకు శాలువా అల్లే పిచ్చి పట్టుకుంది. అది ఏప్రిల్ నెల. ఊరు హైదరాబాదు. ఫ్యాను పెద్దది చేసుకుని, ఒళ్ళో ఊలుండ పెట్టుకుని, ముంజేతులకు కారే చెమట తుడుచుకుంటూ కూర్చున్న నన్ను చూసి మా వారు, "జ్వరంగానీ తగల్లేదు కదా?" అన్నారు.

కోడలుండేది కెనడాలో. కాన్పుకి వియ్యపురాలు వెళ్తున్నారు కాబట్టి నాకిక మిగిలింది పుట్టబోయే పసిగుడ్డుకి వెచ్చటి గుడ్డ పంపడమే. పెళ్ళైన కొత్తలో ఆరేళ్ళు ఢిల్లీలో వున్నాం లెండి. డిసెంబరు ఎండలో నులకమంచాలు వేసుకుని పంజాబీ ఆడవాళ్ళు అల్లుతుంటే చూసి నేర్చుకున్న విద్య ఇది. వాళ్ళ కళ్ళు మనవైపు, నోరు పక్కింటివైపు, చేతులు మాత్రం సూదులవైపు వుండేవి. నేను ఆ మూడూ ఒకేసారి ఎప్పుడూ చెయ్యలేకపోయాను.

శాలువా నడిమి భాగం నాకు సులువుగానే వచ్చింది. చిక్కంతా అంచు దగ్గరే వచ్చింది. చుట్టూ కుచ్చులు తిరిగిన అంచు పెట్టాలని నా పట్టుదల. కుచ్చు రావడంలో బ్రహ్మరహస్యం ఏమీ లేదు. వంద కుట్లున్న వరసమీద తరవాతి వరసకి రెండు వందలు, ఆ పై వరసకి నాలుగు వందలు చేస్తే, అంత గుడ్డకి నిలబడడానికి చోటు చాలక అదే మడతలు పడుతుంది, పరికిణీ నడుందగ్గర కుచ్చిళ్ళు పడ్డట్టు. కానీ నా కుచ్చులు పరికిణీలా కాక కాలీఫ్లవర్ లాగా ముద్దకట్టాయి. రెండుసార్లు విప్పాను. మూడోసారి విప్పేముందు, అసలు ఈ పని కడుపు కూటికోసం చేసినవాళ్ళు ఎలా చేశారో చూద్దామని పుస్తకాలు తిరగేశాను. అలా వెళ్ళి పడ్డాను షెట్లండు దీవుల్లో.

షెట్లండు అంటే స్కాట్లండుకి ఉత్తరాన, నార్వేకి వెళ్ళే దారిలో సముద్రంలో చల్లిన వందకి పైగా దీవులు. జనం వుండేవి పదహారో ఏమో. ఒకప్పుడు నార్వే రాజ్యానివే. 1469లో ఆ రాజు కూతుర్ని స్కాట్లండు రాజుకిచ్చి పెళ్ళిచేస్తూ, కట్నం సొమ్ము చేతిలో లేక, దీవుల్ని తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు నేటిదాకా విడిపించలేదు. కట్నాల పీడ మనకే అనుకుంటాం గానీ, ఒక దేశం ఎల్లలే కట్నంబాకీతో మారిపోయాయన్నమాట!

అక్కడ చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. గొర్రెలు పొట్టివి. కానీ వాటి ఉన్ని మహా మెత్తన. ఎండాకాలం వచ్చేసరికి ఆ ఉన్ని దానంతటదే వదులవుతుంది, కత్తెర వెయ్యకుండా చేత్తోనే పీకుతారు. అందులోనూ మెడకింద ఉన్ని అన్నిటికన్నా సన్నం. దాన్ని ఏరి, దువ్వి, చిన్న రాట్నంమీద మన తల వెంట్రుకంత సన్నగా వడికి, రెండు పోగులు కలిపి పేనితే శాలువాకి దారం తయారు. ఉత్తరపు కొసనున్న అన్‌స్ట్ దీవి ఈ సన్నపనికి పెట్టింది పేరు. ఆరడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు వున్న శాలువా రెండు మూడు ఔన్సులు తూగేది. కొస పట్టుకుని లాగితే పెళ్ళి ఉంగరంలోంచి ఇటునుంచి అటు వచ్చేసేది. మన సిరిసిల్ల నేతగాళ్ళు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు కదా, అది మగ్గంమీద. ఇది ఉత్త సూదులమీద.

పెద్ద శాలువాలలో వాళ్ళు ముందు అల్లేది అంచే. నేను శాలువా అంతా అల్లి చివర్న అంచు తగిలించబోయాను. వాళ్ళు మొదట రంపపు పళ్ళలాంటి మొనలతో సన్నటి పట్టీ ఒకటి, నాలుగు వైపులకీ సరిపడా అల్లుకుంటారు. ఆ పట్టీ వెనక అంచునుంచి కుట్లు ఎత్తుకుని, మూలల దగ్గర తగ్గించుకుంటూ లోపలికి వస్తారు. ఇల్లు కట్టేవాడు ముందు ప్రహరీ కట్టి తరవాత గదుల్లోకి వచ్చినట్టు!

రోజువారీ కప్పుకునే ముతక శాలువాని అక్కడ 'హ్యాప్' అంటారు. దాని అంచున కెరటాల్లాంటి వంపులు వుంటాయి. ఆ అల్లిక పేరు ఓల్డ్ షేల్. లెక్క చూస్తే ముచ్చటేస్తుంది. పద్దెనిమిది కుట్లు తీసుకోండి. మొదటి ఆరింటినీ రెండేసి కలిపి మూడు చెయ్యాలి. మధ్య ఆరింట్లో ఒక్కో కుట్టుకీ ముందు దారం ఒక చుట్టు తిప్పితే ఆరు పన్నెండవుతాయి. చివరి ఆరింటినీ మళ్ళీ మూడు చెయ్యాలి. మూడూ పన్నెండూ మూడూ, మళ్ళీ పద్దెనిమిదే! ఒక్క కుట్టు పెరగలేదు, ఒక్కటి తరగలేదు. కానీ ఒకచోట ఇరుకు, ఒకచోట విశాలం అయ్యేసరికి గుడ్డ తనంతట తనే అలలా వంగుతుంది. నా కాలీఫ్లవరు రోగానికి మందు ఇక్కడ దొరికింది. కుచ్చు కావాలని కుట్లు కుప్పపొయ్యక్కర్లేదు, ఉన్నవాటినే సర్దితే చాలు.

అల్లడం అయ్యాక శాలువా నలిగిన గుడ్డపీలికలా వుంటుంది. దాన్ని ఉతికి, తెల్లదైతే పీపాలో గంధకం పొగవేసి తెలుపు తేల్చి, కొయ్య చట్రంమీద ప్రతి మొనకీ దారం కట్టి బిగలాగి ఆరబెడతారు. గంజిపెట్టిన చీరని ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగుతారు చూడండి, అలా. అప్పుడు విచ్చుకుంటాయి లోపలి పిల్లి పాదాలూ, పక్షి కళ్ళూ, గుర్రపు లాడాలూ. ఆ నమూనాల పేర్లివి.

ఇక ఇదంతా ఎప్పుడు అల్లేవారంటారా? ఎప్పుడూ. మగవాళ్ళు ఆరు తెడ్ల పడవల్లో నడిసముద్రంలోకి చేపలకి పోతే పొలమూ, ఆవూ, పొయ్యీ అన్నీ ఆడవాళ్ళవే. పొయ్యిలోకి పీటు అనే నల్లటి మట్టిగడ్డలు కొండమీంచి బుట్టల్లో మోసుకురావాలి. బుట్ట వీపున, నడుముకి తోలు పటకా. ఆ పటకాకి గుర్రపు వెంట్రుకలు కూరిన మెత్త, దానికి కంతలు. ఒక సూది కొస ఆ కంతలో గుచ్చితే సూది నిలబడుతుంది, చెయ్యి ఖాళీ. బరువు మోస్తూ, నడుస్తూ, అల్లుతూ పోయేవాళ్ళు. ఫోటోలున్నాయి. ఒక్కరి ముఖంలోనూ 'నేను కళాకారిణిని' అన్న ధ్యాస కనిపించదు. వాళ్ళ యాసలో ఈ పనికి పేరు కూడా 'మాకిన్', అంటే 'చెయ్యడం' అని. అంతే.

1881 జూలైలో ఒక తుపానుకి సముద్రంలోకి వెళ్ళిన పడవలు పది మునిగి 58 మంది పోయారు. అలాంటి ఇళ్ళలో ఆ తరవాత సూదులు కాలక్షేపానికి ఆడాయని ఎవరనగలరు?

ఈ అల్లికని లోకానికి చూపించినవాడు ఆర్థర్ ఆండర్సన్. లెర్విక్ ఊళ్ళో పుట్టి, చిన్నప్పుడు రేవులో చేపలు ఎండబెట్టే పని చేసి, చివరికి పి.అండ్.ఓ. ఓడల కంపెనీ స్థాపకుల్లో ఒకడయ్యాడు. 1842లో ఆ కంపెనీ 'హిందూస్తాన్' ఓడ మన మద్రాసుమీదుగానే కలకత్తా వెళ్ళింది. ఆయన 1837లో విక్టోరియా రాణికి షెట్లండు మేజోళ్ళు కానుకగా పంపాడు. రాణి తొడిగితే ఇంకేముంది, లండన్ దొరసానులందరికీ కావలసివచ్చాయి. ఆక్స్‌ఫర్డు వర్తకుడు స్టాండెన్ శాలువాలకి గిరాకీ తెచ్చాడు. 1851లో లండన్ మహాప్రదర్శనలో వాటిని అద్దాల వెనక పెట్టారు.

అద్దాల ఇవతల కథ వేరు. 1872లో గథ్రీ అనే న్యాయవాది ఆ దీవులకి వెళ్ళి, అల్లేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ కూర్చోబెట్టి విచారణ చేశాడు. ఆ ప్రశ్నలూ జవాబులూ అచ్చయ్యాయి. నేను నవలలు చదివి ఏడ్చే మనిషిని కాను గానీ, ఆ జవాబులు చదువుతూ రెండుసార్లు కళ్ళజోడు తీశాను. శాలువా తెస్తే దుకాణదారు డబ్బివ్వడు. టీపొడి ఇస్తాడు, బట్టముక్క ఇస్తాడు, లేదా సరుకు తీసుకోవడానికి చీటీ రాసిస్తాడు. ఇంట్లో పిండి లేదు, బంగాళాదుంపలు లేవు. వాటిని ఆయన అమ్మడు. అందుకని ఆ ఆడమనిషి టీపొడి పొట్లం పట్టుకుని రైతుల ఇళ్ళకి తిరిగి, దాన్నిచ్చి దుంపలు తెచ్చుకునేది. ఒంటిమీద మంచి గౌను, కడుపులో ఆకలి. వర్తకులేమన్నారంటే, అల్లికమీద మాకు లాభం లేదు, సరుకుమీద వచ్చేదే మా బతుకు అని. నిజమే కావచ్చు. కానీ ఆ సరుకు ధర రాసేది ఎవరు? 1887లో దీన్ని అడ్డుకునే చట్టం వచ్చింది. అయినా ఆ పద్ధతి తరవాతి శతాబ్దంలోకి కూడా పాకింది.

ఇక్కడ నా కథలోకి మా అమ్మ వస్తుంది.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపట్ల లేసు అల్లని వీధి లేదు. అది రెండు సూదుల పని కాదు, కొక్కెం వున్న ఒంటి సూది పని, క్రోషా. స్కాట్లండునుంచి వచ్చిన మక్రే దంపతులనే మిషనరీలు మొదట నేర్పారని మావైపు చెప్పుకుంటారు. షెట్లండు గురించి చదువుతూ ఆ స్కాట్లండు మాట తగిలినప్పుడు నాకు వొళ్ళు జలదరించింది. అమ్మ పువ్వులు అల్లేది. వాటిని కలిపే అతుకుపని ఇంకో వీధిలో ఇంకొకరు. దారం ఏజెంటుది, నమూనా ఏజెంటుది, ధరా ఏజెంటుదే. అమ్మ అల్లిన బల్లగుడ్డ ఏ దేశంలో ఏ బల్లమీద పరిచారో అమ్మకి తెలీదు. నా హైస్కూలు జీతం, పుస్తకాలు, పదో తరగతి పరీక్ష ఫీజు ఆ పువ్వుల్లోంచి వచ్చినవే.

1971లో జనాభా లెక్కలాయన మా ఇంటికొచ్చాడు. అరుగుమీద కూర్చుని నాన్న పేరూ, వయసూ, వ్యవసాయమూ రాసుకుని, "మీ ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారండీ?" అన్నాడు. "ఏం చేస్తుంది? ఇంట్లోనే వుంటుంది. పనేం లేదు," అన్నాడు నాన్న. ఆయన చెడ్డవాడు కాదు. అబద్ధం చెప్తున్నానని కూడా ఆయనకి తెలీదు. ఆ మాట అన్నప్పుడు అమ్మ తలుపు వెనక అల్లుతూనే వుంది. దారం ఉండ నా చేతిలో వుంది. నేనూ ఏమీ అనలేదు.

ఆ తరవాత జర్మనీనుంచి మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త వచ్చి, నరసాపురం లేసు ఆడవాళ్ళమీద పరిశోధన చేసి 1982లో పుస్తకం వేసింది. ప్రపంచ బజారుకి సరుకు చేస్తున్నవాళ్ళని ఇంట్లో తీరిగ్గా కూర్చున్నవాళ్ళ కింద ఎలా జమకట్టారో అందులో రాసింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమ్మ లేదు చూడ్డానికి.

అదంతా చదివాక నేనొక పని చేశాను. పాత డైరీ తీసి, రోజూ శాలువామీద ఎంతసేపు కూర్చున్నానో రాయడం మొదలెట్టాను. విప్పిన గంటలు కూడా. మా వారు చూసి పాలవాడి లెక్క అనుకున్నారు.

జూన్ నెలాఖరుకి మనవరాలు పుట్టింది. జూలైలో శాలువా పూర్తయింది. ఉతికి, డబుల్‌కాట్ మంచంమీద దుప్పటి పరిచి, మొనమొనకీ గుండుసూది గుచ్చి ఆరబెట్టాం. రెండు రోజులు హాల్లో చాపమీద పడుకున్నాం. మా వారు సణగలేదు, నడుం మాత్రం పట్టేసింది. అంచు అలలు బాగానే వచ్చాయి. ఒక మూల మాత్రం కొంచెం ఇరుకైంది, మీరు చూసినా పట్టుకోలేరు. ఉంగరంలో దూరలేదు. నా ఉంగరమూ, నా ఊలూ కూడా అందుకు తగినవి కావు.

పార్సిలు ఆఫీసులో కుర్రవాడు ఫారం తిప్పి, "లోపలేముందండీ? విలువ రాయాలి," అన్నాడు. "ఇంట్లో అల్లిందే బాబూ, విలువేముంది, సున్నా వేసుకో," అన్నారు మా వారు.

నేను సంచీలోంచి డైరీ తీశాను. నూట ఎనభై ఆరు గంటలు. మా పనిమనిషికి గంటకి ఎంత ముడుతుందో లెక్కకట్టి, దాన్నే గుణించి, ఊలు ఖరీదు కలిపి, కలం తీసుకుని ఆ గడిలో నేనే రాశాను. కుర్రవాడు ఆ అంకె చూసి, "అమ్మా, ఇంత రాస్తే అక్కడ సుంకం వేస్తారేమో," అన్నాడు. "వెయ్యనీ," అన్నాను.

వేశారు. కోడలు ఫోనులో, "అత్తయ్యా, శాలువా అందింది, పాప అందులోనే నిద్రపోతోంది," అని చెప్పింది. సుంకం ఎంత కట్టిందో మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.