ఆర్క్టోమెకాన్ హ్యుమిలిస్

ఆర్క్టోమెకాన్ హ్యుమిలిస్ గసగసాల కుటుంబమునకు (పాపవరేసి) చెందిన అరుదైన బహువార్షిక మొక్క. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని యూటా రాష్ట్రమున, సెయింట్ జార్జ్ పట్టణ పరిసరములలో మాత్రమే ఇది సహజముగా పెరుగును. గ్రీకు భాషలో ఆర్క్టోస్ అనగా ఎలుగుబంటి, మెకాన్ అనగా గసగసాల మొక్క. నూగుతో నిండి, కొనలందు గోళ్ళవంటి పళ్ళు గల ఆకులను చూచినచో ఈ పేరు తగినదేయనిపించును. పువ్వులు తెల్లనివి, నాలుగు ఆకర్షక పత్రములు, నడుమ పసుపుపచ్చని కేసరములు ఉండును.

ఇతర మొక్కలు అంతగా బ్రతుకజాలని జిప్సమ్ నేలలే దీని నివాసము. ఆ నేలపై సూక్ష్మజీవులు, నాచులు కలసి ఏర్పరచిన పలుచని పొర వాహనముల చక్రముల క్రింద చితికిపోవును. తిరిగి ఏర్పడుటకు ఏండ్లు పట్టును. దీనికి పట్టణ విస్తరణ కూడ తోడగుటచే 1979లో అమెరికా ప్రభుత్వము ఈ మొక్కను అంతరించు ప్రమాదము గల జాతిగా ప్రకటించినది. విత్తనములు మట్టిలో ఏండ్ల తరబడి నిద్రాణముగా ఉండగలవు. కనుక మొక్క కనబడని నేలను ఖాళీ నేలయని తలచుట పొరపాటు.