ఒరిగామి

జపాన్ భాషలో ‘ఒరి’ అంటే మడత, ‘కామి’ అంటే కాగితం. రెండూ కలిస్తే ‘కా’ కాస్తా ‘గా’ అయింది. కూర, కాయ కలిసి కూరగాయ అయినట్టే.

మొదట్లో ఈ మాటకీ కాగితం మడిచి చేసే బొమ్మలకీ సంబంధం లేదు. అడ్డంగా సగానికి మడిచి రాసే దస్తావేజు ఒరిగామి. ఫలానా కత్తి అసలైనదేనని నిపుణులిచ్చే పత్రమూ అదే. ఇప్పటికీ జపాన్‌లో ఒక వస్తువుకి ‘ఒరిగామి ఉంది’ అన్నారంటే నాణ్యతకు ఢోకా లేదని.

బడి పిల్లల చేతికి ఈ కాగితం మడతల విద్య చేరడంలో జర్మనీ పాత్రా ఉంది. జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ పెట్టిన కిండర్‌గార్టెన్ పద్ధతిలో కాగితం మడవడం ఒక పాఠం. ఆ పద్ధతి జపాన్‌కీ వెళ్లింది, 1876లో టోక్యోలో అక్కడి తొలి కిండర్‌గార్టెన్ తెరిచారు. ఆ పాఠం స్ఫూర్తితోనే టి. సుందరరావు 1893లో మద్రాసులో కాగితం మడతల జ్యామితి పుస్తకం వేశారు.

పేచీ పెట్టే పిల్లలు ఒరిగామితో కుదురుకుంటారంటే నమ్మొచ్చు. అంచుకు అంచు కలిపి, మడత మీద గోటితో గీరాలి కదా, రెండు చేతులకీ పనే, చూపు పక్కకు పోదు. అలాగని ఐదేళ్లవాడికి కొంగ బొమ్మ ఇచ్చారో, ఉన్న చిరాకు రెట్టింపవుతుంది. వాడికి కుక్క మొహం చాలు, నాలుగైదు మడతలే. కళ్లు పెన్నుతో వాణ్నే పెట్టుకోమనండి.