కారెంపూడి చాపకూడు

శీతకాలపు పండుగదినములలో మిత్రులతో గూడి నాలుగునాళ్ళు మరియొక నగరమునకు పోవుట ఐరోపావారికి వేడుక. జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున క్రిస్మస్ అంగడి 1434లో మొదలైనది. మా పల్నాటివారికిని అంతకంటె ప్రాచీనమైన కథతో ముడిపడిన చలికాలపు యాత్ర యొకటి కలదు. అది కారెంపూడి వీరుల తిరునాళ్ళు.

12వ శతాబ్దమున గురజాల, మాచర్ల రాజ్యముల నడుమ జరిగిన దాయాదిపోరులో మడిసిన వీరులను తలచుకొనుటకై, కార్తిక అమావాస్యనాడు నాగులేటి యొడ్డున మేము చేరుదుము. ఉత్సవ మైదునాళ్ళు సాగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరాచారవంతులు ఊరూరినుండి వీరుల ఆయుధములను దెచ్చి కొలుతురు. కోడిపందెమున మొదలైన పంతము ఎంత రక్తమును కోరినదో ఆ దినములు మాకు జ్ఞప్తి చేయును.

అయినను మందపోరునాటి చాపకూడే మాకు ముఖ్యము. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు సకల కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెననియు, లోకము అంటరానివాడన్న కన్నమదాసునకు సేనానాయకత్వ మొసగెననియు ప్రతీతి. ఆ రాజ్యములు నేడు లేవు. ఆ పంక్తి మాత్రము ఏటేట సాగుచున్నది. తిరునాళ్ళలో కలిసి తిన్నవారము ఇంటికి మరలిన పిదపను పొరుగువానితో అట్లే కూర్చుండగలిగిననాడే మా యాత్ర సఫలము.